గోడ మీది నాలుగో బోర్డు

పురపాలక జంతు నియంత్రణ అధికారి గారి సముఖమునకు,
గోడ మీద బోర్డులు పెట్టుకుని బతికే ఒక పౌరుడు విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: మా వీధిలో తిరుగు నల్ల మగ కుక్కకు నన్ను యజమానిగా నిర్ణయించుట – అభ్యంతరము – తమ ఉత్తర్వును తమరే అమలు జరుపవలెనని ప్రార్థన – గురించి.

సూచిక: మా వీధి తలుపుకు అంటించిన తమ నోటీసు. (ఆ రోజు తలుపుకు రంగు వేసి ఉన్నాను. ఆరకముందే తమ సిబ్బంది నోటీసు అంటించారు. లాగితే సగమే చేతికి వచ్చింది. చేతికి వచ్చిన సగం చదివిన నేను, తలుపుకు ఉండిపోయిన సగాన్ని రేకుతో గీకి చదివిన మా ఆవిడ కలిసి ఈ జవాబు తయారు చేశాము.)

సదరు నోటీసు ప్రకారం, మా వీధిలో ఒక మనిషిని కరిచిన కుక్కను ప్రమాదకరమైన జంతువుగా ప్రకటించి తమ బోనులో ఉంచారు. దానికి యజమాని ఎవరో సోమవారం లోగా తేలాలి. తేలితే ఆ యజమాని బాధ్యత వహిస్తూ సంతకం చేయాలి, మూతికి బుట్ట కట్టాలి, కుక్క ఉండే చోట జనం వచ్చిపోయే వ్యాపారం ఏదీ చేయరాదు. తేలకపోతే కుక్క 'బాధారహితంగా తొలగింపబడును'. ఈ చివరి మాట తలుపుకు అంటుకుపోయిన సగంలో ఉంది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, రేకు కింద పెట్టేసింది.

నేను యజమానిని కాను. ఎందుకు కానో కింది అంశాలలో మనవి చేసుకుంటున్నాను. వరుస అటూ ఇటూ అయితే మన్నించవలెను. బోర్డు మీద అయితే ముందుగా సుద్దతో గీతలు కొట్టుకుంటాను. కాగితం మీద నాకు ఆ అలవాటు లేదు.

1. బోర్డు సంగతి.

మా ఇంటి ముందు గోడే నా దుకాణం. గోడకు మేకులు కొట్టి, నేను రాసిన బోర్డుల నమూనాలు వేలాడదీస్తాను. వచ్చినవాళ్లు చూసి, తమకు ఏ రకం అక్షరం కావాలో వేలు పెట్టి చూపిస్తారు. తమ ఇన్‌స్పెక్టరు గారు విచారణకు వచ్చి, ఎడమ నుంచి నాలుగోదైన 'కుక్క ఉన్నది జాగ్రత్త' అనే బోర్డు చూసి, 'యజమాని లిఖితపూర్వకంగా ఒప్పుకొని యున్నాడు' అని రాసుకున్నారు.

"సార్, అది నమూనా అండీ," అన్నాను.

"నమూనాయే. ఏ కుక్కకి?"

"కుక్కకి కాదండీ. అక్షరానికి."

"మరి కుక్క దాని కిందే కూర్చుందేం?"

కుక్క నిజంగానే ఆ బోర్డు కింద కూర్చుని ఉంది. నీడ అక్కడే ఉంటుంది. "దానికి చదువు రాదండీ," అన్నాను. ఆ మాట కూడా ఆయన రాసుకున్నారు. కుక్క చదువు సంధ్యల గురించి కూడా ఇతనికి తెలియునని దానికి అర్థం తీశారని తర్వాత తెలిసింది.

అదే గోడ మీద మొదటి బోర్డు 'ప్రసూతి వైద్యశాల'. రెండోది 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును'. మూడోది 'ఇచ్చట గడియారములు బాగుచేయబడును'. నాలుగో బోర్డు ఒప్పుకోలు అయితే, నేను కాన్పులు కూడా చేస్తూ ఉండాలి. రెండో బోర్డు చూసి ఒకాయన మంచాలు, బిందెలు, భార్యతో సహా వచ్చి దిగిన మాట నిజమే. ఆయన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. తమ ఇన్‌స్పెక్టరు గారు మాత్రం ఎంత చెప్పినా వెళ్లలేదు.

2. మా అత్తగారి వాంగ్మూలం.

మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. పొద్దున లేచింది మొదలు గుమ్మంలో కూర్చుంటారు. ఇన్‌స్పెక్టరు గారు ఆవిడను, "ఈ కుక్క ఎవరిదమ్మా?" అని అడిగారు.

"మాదే నాయనా, ఇంకెవరిది."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆయన అక్కడితో ఆపేశారు. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు. ఆవిడ 'మాది' అనని వస్తువు ఈ వీధిలో లేదు. వీధి కుళాయి మాది. పక్కింటి నిమ్మచెట్టు మాది. సందు చివర ఆగే బస్సు ఆలస్యమైతే "మన బస్సు ఇంకా రాలేదే" అని దిగులు పడతారు. విచారణ రోజున తమ వాహనం సందులోకి తిరగగానే "మన జీపు వచ్చింది, లేవండి" అని మమ్మల్ని లేపింది ఆవిడే. ఆవిడ వాంగ్మూలం చెల్లుతుందంటే సదరు జీపును కూడా మా పేర బదిలీ చేయవలసి ఉంటుంది.

3. అసలు ఎవరు తెచ్చారు.

కుక్కను తెచ్చినది మా పక్కింటి డ్రిల్లు మాస్టారు. పిల్లగా ఉన్నప్పుడు ఫుట్‌బాల్ సంచిలో పెట్టుకుని తెచ్చారు. కమాండర్ అని పేరు పెట్టారు. రిటైరైన తర్వాత ఆయన మాట వినేవాళ్లు లేక ఈల మూలపడి ఉంది. దాన్ని తీసి రోజూ తెల్లవారగానే ఊది, కుక్కకు కవాతు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన 'అటెన్షన్' అంటే అది పడుకునేది. 'స్టాండెటీజ్' అంటే గోడ దూకి మా వైపు వచ్చేది. అలా వచ్చి వచ్చి ఒకరోజు తిరిగి వెళ్లలేదు. అది మా ఇంటికి తలదాచుకోవడానికి వచ్చింది గాని, మేము దత్తత తీసుకోలేదు.

తమ ఆఫీసులో విచారణ జరిగినప్పుడు మాస్టారిని తమ ముందే అడిగాను.

"మీరే కదండీ మాస్టారూ తెచ్చింది?"

"తెచ్చాను. రాజీనామా చేసి వెళ్లిపోయింది."

"కుక్క రాజీనామా ఏమిటండీ?"

"నా ఈల వినడం మానేసిందోయ్. నా క్రమశిక్షణలో లేనిది నా కుక్క ఎలా అవుతుంది?"

అలా అయితే వాళ్లబ్బాయి కూడా ఆయనకు ఏమీ కాడని మా ఆవిడ అంది. ఆ మాట రికార్డులోకి ఎక్కించవద్దని కోరుతున్నాను. మేము ఇరుగుపొరుగు వాళ్లం. మధ్య గోడ ఇద్దరికీ ఒకటే.

4. రంగు మచ్చలు.

కుక్క కుడి చెవి మీద నీలం రంగు, తోక చివర ఎరుపు రంగు ఉన్నాయని, ఆ రెండు రంగులూ నా డబ్బాలలోని రంగులతో సరిపోయాయని నోటీసులో రాశారు. సరిపోయాయి. కాదనను. ఆ నీలమే మా అత్తగారి చేతికర్రకు ఉంది, కరెంటు స్తంభానికి ఉంది, మందుల దుకాణం బోర్డుకు ఉంది, మాస్టారి బనీను వీపున కూడా ఉంది. నా రంగు అంటిందల్లా నాదే అయితే ఈ ఊళ్లో బజారు సగం నాది. ఆ సగం నాకు ఇప్పించే పక్షంలో కుక్క గురించి మళ్లీ ఆలోచిస్తాను.

5. కాటు.

ఫిర్యాదుదారు బజారులో ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం పెట్టుకున్నవారు. వృత్తి వైరం మనసులో పెట్టుకుని నేను ఆయన మీదికి కుక్కను ఉసిగొల్పానని ఆయన ఆరోపణ. జరిగినది ఇది.

ఆయన టేపు పట్టుకుని మా గోడ కొలవడానికి వచ్చారు.

"గురువుగారూ, గోడ మంచి మలుపులో ఉంది. నాకిచ్చేయండి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఫ్లెక్సీ కట్టేస్తాను. మీరు హాయిగా కూర్చోండి."

"గోడ నీకిచ్చి నేనెక్కడ కూర్చోనయ్యా?"

"ఫ్లెక్సీ వెనకాల కూర్చోండి. ఎండ కూడా తగలదు."

ఇలా అంటూనే ఆయన గోడ మొత్తం ఒక్కచూపులో కనబడాలని వెనక్కి అడుగులు వేశారు. వెనక కుక్క పడుకుని ఉంది. ఆయన మడమ, ఆయన బరువంతా, దాని తోక మీద పడింది. కుక్క ఆయన పిక్క పట్టుకుంది.

నేను ఉసిగొల్పలేదు. ఆయన పిక్క మీద నాకు ఏనాడూ కోపం లేదు. కోపమల్లా ఆయన అక్షరాల మీద. కుళాయి కింద సబ్బుతో గాయం కడిగి, నా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో ఆయన నా వీపు మీద వేలితో పొడుస్తూ, "గురువుగారూ, కాస్త గట్టిగా తొక్కండి. అది వెనకాలే వస్తోంది," అన్నారు. అది ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి, మేము బయటికి వచ్చేవరకు కూర్చుంది. చీటీ రాసే అమ్మాయి 'కరిచిన కుక్కతో సహా వచ్చారు' అని రాసింది. అది ఎవరి కోసం వచ్చిందో నేను చెప్పలేను. ఆసుపత్రికి అందరూ వస్తారు.

గోడ దగ్గరికి రోజూ మనుషులు వస్తూనే ఉంటారు. ఇంతకుముందు అది ఎవరినీ కరవలేదు. ఆ రోజే ఎందుకు కరిచిందో నాకు తెలుసు. అది గనక ఇక్కడ రాస్తే పైన రాసిన నాలుగు అంశాలూ చెడిపోతాయి. కాబట్టి రాయడం లేదు.

6. నా ఇబ్బంది.

యజమానినని సంతకం పెడితే, జనం వచ్చిపోయే వ్యాపారం చేయరాదు కనుక నా గోడ పోతుంది. గోడ పోతే నాకు వేరే పని రాదు. ఫ్లెక్సీలు వచ్చాక నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎలాగూ తగ్గారు. ఆ మిగిలినవాళ్లు కూడా గోడ చూసే వస్తారు. కాదని సంతకం పెడితే కుక్క పోతుంది. ఈ రెండూ ఒకే కాగితం మీద, పక్కపక్కన రెండు గడులుగా అచ్చువేసి, వర్తించనిది కొట్టివేయుము అని కింద రాశారు. రాసినవారెవరో గాని చేయి తిరిగిన మనిషి.

7. తమ సమక్షంలో జరిగిన పరీక్ష.

విచారణలో మాస్టారు, నేను ఒకరి మీద ఒకరం తోసుకుంటుంటే తమరు విసిగి, "మనిషి అబద్ధమాడతాడు గాని కుక్క ఆడదయ్యా" అని, అక్కడికక్కడే ఒక ఉత్తర్వు చెప్పి రాయించారు. 'కుక్కను వీధి మొదట విడిచిపెట్టగా, అది తనంతట తాను ఎవరి చెంతకు చేరి పడుకొనునో, వారే దానికి యజమానిగా భావింపబడుదురు.' మాస్టారు సంతకం చేశారు. నేనూ చేశాను. తమరూ చేశారు.

పరీక్ష రోజున మా ఆవిడ, "ముందు ఆ టర్పెంటైన్ కంపు వదిలించుకోండి. ఊరి పొలిమేర నుంచే పట్టేస్తుంది," అని వాసన సబ్బుతో నా వీపు తోమింది. పెట్టెలో అడుగున ఉన్న కలరా ఉండల చొక్కా తీసి వేసింది. డబ్బాలు, కుంచెలు మంచం కిందికి తోసింది. మా అత్తగారిని పెరట్లో కూర్చోబెట్టాం. "మన కుక్కని మనమే కాదనడమేమిటే, చోద్యం కాకపోతే," అని ఆవిడ అక్కణ్నుంచి వినబడేలాగే అంటున్నారు.

మాస్టారు తన గుమ్మంలో నిటారుగా నిలబడి, కుక్కను వదలగానే ఈల ఊదారు. ఆ ఈల వింటే అది పారిపోతుందని ఆయనకు తెలుసు. ఆయన పిలుస్తున్నట్టు కనిపించింది గాని, అది తరమడమేనని నేను అభ్యంతరం చెప్పాను. తమరు నన్ను నోరు మూసుకోమన్నారు.

కుక్క మాస్టారి గుమ్మం ముందు తల అటు తిప్పుకుని నడిచింది. మా గుమ్మం ముందు ఆగింది. నా చొక్కా వాసన చూసింది. తుమ్మింది. తర్వాత తల ఎత్తి నా మొహంలోకి చూసింది. నేను కరెంటు స్తంభం వైపు చూశాను. అది డబ్బాలు ఉండే చోటు నేల మీద వాసన చూసుకుంటూ కాసేపు తిరిగి, అవి అక్కడ లేవని తెలిసినట్టు నిలబడిపోయింది.

ఆ తర్వాత తమ జీపు దగ్గరికి వెళ్లింది. ఆ జీపుకు నంబరు పలక ఆ వారమే కొత్తగా రాయించారు. తమ డ్రైవరు గారు తెస్తే నేనే రాశాను. ఇంకా రంగు వాసన వస్తూనే ఉంది. కుక్క పలకను వాసన చూసి, తెరిచి ఉన్న తలుపులోంచి ఎక్కి, తమరు కూర్చునే సీటు మీది తువ్వాలు చుట్టూ తిరిగి, దాని మీద ముడుచుకుని పడుకుంది.

తమరు, "ఇది లెక్కలోకి రాదు," అన్నారు.

"పడుకుంది సార్," అన్నారు డ్రైవరు గారు.

"పడుకుంటే? దించవయ్యా."

"మీరు పిలిస్తే దిగుతుందేమో సార్."

పెరట్లోంచి మా అత్తగారు, "మన జీపులో మన కుక్క ఎక్కిందా, మంచిదే," అన్నారు.

తనంతట తాను చేరినది నిజం. పడుకొన్నది నిజం. అది అబద్ధమాడదని సెలవిచ్చింది తమరే. అయినప్పటికీ దాన్ని ఆ జీపులోనే బోనుకు తీసుకుపోయి, నా తలుపుకు నోటీసు అంటించడం ఏ నియమం కింద జరిగిందో బోధపడలేదు.

ప్రార్థన.

కాబట్టి తమరు దయచేసి,

(అ) యజమాని అనే గడిలో నన్ను తొలగించి, తమ ఉత్తర్వు ప్రకారం తమరినే చేర్చుకోవలసిందిగాను,

(ఆ) యజమాని తేలినందున కుక్కను తొలగించే పని మానుకోవలసిందిగాను, తమ ఇంటి గేటుకు కావలసిన హెచ్చరిక బోర్డును ఏ రకం అక్షరంలో కోరితే ఆ రకంలో నేను ఊరికే రాసి ఇస్తానని తెలుసుకోవలసిందిగాను,

(ఇ) ఈలోగా దానికి తిండి సక్రమంగా అందేలా చూడవలసిందిగాను కోరుతున్నాను. గిన్నెలో పెడితే అది తినదు. రంగు డబ్బా మూత బాగా కడిగి అందులో పెట్టాలి. తినేటప్పుడు దాని వైపు చూడకూడదు. ఉరిమితే ఎడమ చెవి వెనక చెయ్యి వేసి ఉంచాలి. కుడి చెవి అయితే ఊరుకోదు. ఇవన్నీ వీధిలో వాళ్లు అనుకోగా విన్నవి.

ఈ మనవి తమరు చిత్తగించవలెను. చిత్తగించే తీరిక లేని పక్షంలో ఎవరిచేతనైనా చదివించుకుని వినవలెను.

తమ విధేయుడు,
బోర్డులు రాసేవాడు
(కుక్క యజమాని కాడు)

తా.క. పై అర్జీ కవరులో పెట్టి జిగురు పూశాను. అంతలో తమ డ్రైవరు గారు నంబరు పలక పట్టుకుని వచ్చారు. కుక్క ఎక్కేటప్పుడు ఒక అంకె చెరిగిందట, దిద్దమన్నారు. దిద్దుతుంటే ఆయన అన్నారు:

"మళ్లీ కరిచిందండీ."

"ఎవర్ని?"

"బోను కడిగే ఆయన్ని. రబ్బరు బూట్లున్నాయి కాబట్టి సరిపోయింది. రెండో కాటు కదండీ, ఇంక సోమవారం దాకా ఉంచరట. రేపు పొద్దున్నే అంటున్నారు."

"ఆయనేం చేస్తున్నాడు అప్పుడు?"

"ఏం చేస్తాడు, గొట్టంతో నీళ్లు కొడుతూ వెనక్కి నడుస్తున్నాడు."

నేను కుంచె కింద పెట్టాను. మా ఆవిడ నా వైపు చూసింది. "మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది. నేనే రాస్తున్నాను.

అయిదో అంశంలో రాయనిది ఇది. బోర్డు రాసేవాడు దగ్గర నిలబడి అక్షరం రాస్తాడు గాని, అది నిలబడిందో వాలిందో దగ్గర నుంచి తెలియదు. ప్రతి అక్షరానికీ వెనక్కి వెళ్లి చూడాలి. వెళ్లేముందు కుంచెలో ఎక్కువైన రంగు కారకుండా డబ్బా అంచు మీద రెండు దెబ్బలు కొడతాను. కుక్క ఎప్పుడూ నా మడమల వెనకే పడుకునేది. మొదట్లో దాని మీద పడి నీలం డబ్బా ఒలకబోసుకున్నాను. చెవి మీది మచ్చ అదే. తర్వాత దానికి తెలిసిపోయింది. డబ్బా మీద రెండు దెబ్బలు వినబడితే నేను వెనక్కి వస్తానని లేచి పక్కకు జరుగుతుంది. నేను ముందుకు వెళ్లగానే మళ్లీ వచ్చి పడుకుంటుంది. ఇప్పుడు నేను వెనక్కి తిరిగి చూసుకోవడం కూడా మానేశాను. పరీక్ష రోజున డబ్బాల చోట అది నిలబడిపోయింది ఆ చప్పుడు కోసమే.

చప్పుడు లేకుండా వెనక్కి వచ్చే మనుషులు ఉంటారని దానికి తెలియదు. ఫ్లెక్సీ ఆయనకు డబ్బా లేదు. బోను కడిగే ఆయనకూ లేదు. అది కరిచింది వాళ్లిద్దరినే. ఎదురుగా వచ్చినవాళ్లను ఎవరినైనా కరిచిందేమో అడిగి చూడండి.

ఈ అలవాటు ఎవరి దగ్గర నేర్చుకుందని తమరు అడుగుతారు. అడగనక్కరలేదు. నా దగ్గరే.

ఫ్లెక్సీ ఆయన దుకాణానికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఈ ముక్క ముందే చెబితే కొట్టేవాణ్ని కదా గురువుగారూ. నా దగ్గర డబ్బా ఎక్కడిది, కంప్యూటర్ మీద కొట్టనా?" అన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. "ఎందుకు తీసుకుంటాను, పిక్క నాది కదా," అన్నారు. ఆ మాట న్యాయమే. ఆయన ఫిర్యాదు అలాగే ఉంచండి. ఉసిగొల్పాడు అన్న మాట ఒక్కటి తీసేసి, నిర్లక్ష్యం అని రాసుకోండి. గోడ మీద జాగ్రత్త అని పెట్టాను గాని, దేనికి జాగ్రత్తపడాలో వచ్చినవాళ్లకు ఏనాడూ చెప్పలేదు. ఆ కాటుకు బాధ్యుణ్ని నేనే. దానికి తమరు ఏం విధిస్తే అది.

గోడ విషయం. నేను ఇంటికి వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా ఆవిడ వెళ్లి ఏం చెప్పిందో నాకు తెలియదు.

"నీ బోర్డులు తెచ్చి నా గోడకు తగిలించుకో," అన్నారు.

"మీకెందుకండీ ఇబ్బంది మాస్టారూ?"

"కుక్క నాది కాదు. గోడ నాదే," అన్నారు. మెడలో ఈల పట్టుకుని, "దానికి ఆ ఈల అంటే ఎందుకంత కోపమోయ్?" అని అడిగారు.

"తెల్లారగట్ల నాకూ కోపమేనండీ," అన్నాను.

ఆయన ఈల మెడలోంచి తీసి జేబులో వేసుకున్నారు. తర్వాత ఇద్దరం కలిసి మేకులు కొట్టాం. ప్రసూతి వైద్యశాల, అద్దె ఇల్లు, గడియారములు ఇప్పుడు మాస్టారి గోడ మీద ఉన్నాయి. ఇకమీదట జనం వచ్చిపోయేది అక్కడే. కుక్క ఉండేది ఇక్కడ. తమ నియమానికి భంగం లేదు. వాళ్ల గోడ కూడా మాదేనని మా అత్తగారు అప్పుడే ఇద్దరికి చెప్పారు.

కావున పై అర్జీలోని ఏడో అంశమును, ప్రార్థనలోని (అ) అనుదానిని రద్దు చేసుకుంటున్నాను. నా సంతకం కింద కుండలీకరణాలలో ఉన్నది కొట్టివేసినట్టుగా భావించవలెను. తమ తువ్వాలు ఉతికి పంపుతాము. మూతి బుట్ట కొన్నాము. గొలుసు కూడా కొన్నాము. ఈ అర్జీని, పలక ఆరేదాకా ఇక్కడే ఆగిన తమ డ్రైవరు గారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపు తమ ఆఫీసు తలుపు తెరిచేసరికి సంతకం పెట్టడానికి నేను మెట్ల మీద ఉంటాను. ఈ రాత్రి బోనులోకి ఎవరు వెళ్లినా, వెనక్కి అడుగు వేసేముందు చేతిలో ఉన్న దేని మీదనైనా రెండు దెబ్బలు కొట్టమని చెప్పండి. బకెట్టు అయినా పనికొస్తుంది.

మా గోడ మీద ఇప్పుడు ఒకటే బోర్డు ఉంది. దాని కింద ఒక ఖాళీ డబ్బా, పుల్ల వేలాడదీసి, ఎందుకో వివరంగా ఇంకో వరుస రాశాను. ఆ బోర్డు ఇక నమూనా కాదు. ఎవరైనా వచ్చి అలాంటిది కావాలని వేలు పెట్టి చూపిస్తే పక్క గోడకు పంపమని మా ఆవిడకు చెప్పాను.